వంపు మీద కొక్కేలు

తూర్పు కట్ట, వంపు భాగం. భద్రత దినచర్య. రాసేది సూరాడ వరాలమ్మ.

పని రోజు 211. కార్తీక శుద్ధ విదియ.

దీపం పెట్టి, గంగమ్మకి దండం పెట్టుకుని ఐదున్నరకి గేటు దగ్గరికొచ్చాను. గాలి తక్కువ. ఆటు మీద ఉంది సముద్రం.

పైకెక్కినవాళ్లు ఇరవై నాలుగు మంది. అందరి బెల్టులూ చూశాను. ఒకరి హెల్మెట్ పట్టీ తెగితే మార్చాను.

ఎక్కే ముందు అడగాల్సిన ప్రశ్న అడిగాను. "పైన ప్రమాదం ఏదైనా కనబడిందా?" అందరూ ఒకే గొంతుతో "అంతా మేలే" అన్నారు. ఆ మాట వింటే నాకు రోజూ మనసు కుదుటపడుతుంది. మా నాన్న పడవ దించేటప్పుడు ఇంటిల్లిపాదీ అనే మాట అది.

కావలి యంత్రం రాసుకుంది: ప్రమాదాలు సున్నా. కొక్కెం వదిలిన సందర్భాలు సున్నా. వరసగా ఇరవై రెండో రోజు.

కావలికి కళ్లు లేవు. బెల్టుల్లో, కొక్కేల్లో, క్రేన్‌లో ఉండి లెక్క చూసుకుంటుంది. గోడ మీద ఎవరి కొక్కేలైనా మూడు సెకన్లకు మించి దేనికీ తగలకుండా ఉంటే క్రేన్ ఆపేస్తుంది. పావుగంట దాకా కదలనివ్వదు. అది వచ్చాక ఈ కట్ట మీంచి ఎవరూ పడలేదు. రాకముందు పడిన పదకొండు మంది పేర్లు గేటు పక్కన రాతి మీద ఉన్నాయి.

సాయంత్రం అది నాకో మాట వినిపించింది. "తూర్పు వంపు ఆదర్శ స్థలం."

వంపు దగ్గర కట్టలో ఉన్న సందు పూడడానికి ఇంకా తొంభై అడుగులుంది. పున్నమి పోటుకి పదమూడు రోజులు. ఈ ముఠాకి మేస్త్రీ మా ఆఖరి చెల్లెలు పైడమ్మ. పున్నమి లోపు పూడ్చేస్తానని కట్ట వెనక దిగువ వరసలో మూడొందల ఇళ్లకి మాటిచ్చింది. అందులో తన ఇల్లూ ఉంది.

పని రోజు 212. తదియ.

సాయంత్రం బెల్టులన్నీ మంచినీళ్లలో కడిగి ఆరేశాను. ఉప్పు పేరితే పట్టీ చీకిపోతుంది. ఈ పని నేనే చేసుకుంటాను.

ప్రతి బెల్టుకీ వీపు వైపు ఒక ఇనుప రింగు ఉంటుంది. ఎవరైనా జారి గోడకి వేలాడిపోతే పైనుంచి లాగడానికి అది. మామూలుగా దాని జోలికి ఎవరూ పోరు. దాని మీది పసుపు రంగు ఏళ్లయినా చెదరకూడదు.

ఇవాళ ఇరవై నాలుగు బెల్టుల రింగులూ మెరుస్తున్నాయి. లోపలి అంచున రంగు పోయి ఇనుము తేలింది. పైడి బెల్టుకి మరీను.

అడిగాను. "ఇదేటే పైడీ, ఈ రింగు ఇలా అరిగిపోయింది?"

"ఉప్పుగాలికి అరిగుంటాది."

"ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. మెరుగు రాదు."

"అప్పా, ఆకలేస్తంది నాకు. ఆ రింగు కూరొండి పెడతావేటి?"

ముఠా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి దీపం ముందు కూర్చున్నాక ఆ నవ్వు నిలవలేదు.

పని రోజు 213. చవితి.

ఎవరికీ చెప్పకుండా పైకెక్కాను. కట్ట లోపలి మెట్ల మీంచి వెళ్లి, అంచున బోర్లా పడుకుని సముద్రం వైపు గోడ చూశాను.

గోడకి పదేసి అడుగులకో రింగు ఉంటుంది. మనిషికి ఆరేసి అడుగుల తాళ్లు రెండు. ఒక కొక్కెం ఈ రింగుకి ఉండగానే రెండోది ముందు రింగుకి అందుతుంది. అలా ఒక్క క్షణం కూడా గోడని విడవకుండా పలకల మీద నడవొచ్చు. తిన్నని గోడ మీద అలాగే నడుస్తున్నారు.

వంపులోకి వచ్చాక పైడి తన కొక్కెం తీసి ఎల్లాజీ వీపు రింగుకి తగిలించింది. ఎల్లాజీ మా నాన్న పడవలో పనిచేసిన మనిషి. తాడు అందినంత మేర జరిగి, అతనూ గోడ నుంచి కొక్కెం తీసి పైడి వీపు రింగుకి తగిలించాడు. అప్పుడు ఇద్దరూ కలిసి నడిచారు. రెండు మూడు అడుగుల పాటు ఆ ఇద్దరికీ గోడతో సంబంధం లేదు. ఒకరికొకరున్నారు, అంతే. కింద అరవై అడుగులు, ఆ కింద బండలు.

కావలి దీపం పచ్చగా వెలుగుతోంది. కొక్కెం ఒక రింగుకి పడింది, రింగు బలమైనదే. అది ఎవరి రింగో దాని లెక్కలో లేదు.

కేక వేయలేదు. ఆ ఎత్తున కేక వినబడితే మనిషి తల తిప్పుతాడు. వాళ్లు అన్నానికి కట్ట మీదికి వచ్చేదాకా జపం చేసుకుంటూ అక్కడే ఉన్నాను.

పైడి నా మొహం చూసి గ్రహించింది. "సూసీసినావా?"

"ఎన్నాళ్లనించి?"

"వంపు మొదలైన కాడ్నించి. రింగులు నేవప్పా అక్కడ. ఒకటుంటే ఒకటి నేదు. ఉన్నదాన్ని ఒగ్గితే కావలి క్రేను ఆపీస్తాది. రోజుకి ఎనబైసార్లు ఒగ్గాల. అలాగైతే పున్నమికి కాదు, పై ఏడు పున్నమికి పూడుతాది."

"నాకెందుకు చెప్పలేదు? రోజూ పొద్దున్నే అడుగుతున్నానా లేదా?"

ఎల్లాజీ అన్నం ముద్ద చేత్తో పట్టుకుని నావైపు తిరిగాడు. "నువ్వడిగీది ఎప్పుడు వరాలప్పా? ఎక్కీ ముందు. ఎక్కీ ముందు పడిపోతామని నోటితో అంటామేటి? మీ అయ్య పడవ దించుతా ఇయాల మునుగుతాదని ఎప్పుడైనా అన్నాడేటి?"

నాన్న బయల్దేరేటప్పుడు ఎవరైనా "జాగ్రత్త" అన్నా అమ్మ ఊరుకునేది కాదు. వెనక్కి పిలిచి, మంచినీళ్లు తాగించి, మళ్లీ పంపేది. ఇది నాకు తెలుసు. తెలిసీ తొమ్మిదేళ్లుగా గేటు దగ్గర, పొద్దున్నే, అదే ప్రశ్న అడుగుతున్నాను. వాళ్లు "అంతా మేలే" అంటే సున్నా అని రాస్తున్నాను.

"పడవలో ఇద్దరం ఒక తాడుకే కట్టుకుంటాం గదా," అంది పైడి. "ఒకలు జారితే ఒకలు లాగుతాం. నాన్న నేర్పిందే."

"అక్కడ కింద నీళ్లుంటాయే."

మధ్యాహ్నం మళ్లీ ఎవరినీ గోడ మీదికి పోనివ్వలేదు. క్రేన్ బుట్టలో దిగి గోడని సుత్తితో తట్టుకుంటూ పోయాను. రింగులున్నాయి, లోపల. పోత పోసే యంత్రం వంపు దగ్గర చేయి వంచినప్పుడు సిమెంటు ఒకవైపుకి పేరింది. ఒకటి విడిచి ఒకటి రింగు రెండంగుళాల లోతున పూడిపోయింది.

పాత పేజీ తీసి చూశాను. పని రోజు 188. "వంపు రింగులన్నీ సరిగా ఉన్నాయి. తనిఖీ: వరాలమ్మ." ఆ రోజు మహర్నవమి. అమ్మవారి పూజకి వేళవుతోందని, కావలి చూపించిన గోడ నక్షా చూసి గేటు దగ్గరే సంతకం పెట్టి వెళ్లిపోయాను. కారణం రాస్తున్నాను. దీన్ని సాకుగా తీసుకోవద్దు.

తెలిసి కొక్కెం తప్పుగా తగిలించినవాళ్ల ఎక్కే పర్మిట్ శాశ్వతంగా పోతుంది. అది కట్ట నియమం. "చేసినవారి పేర్లు" అనే వరస ఇవాళ్టికి ఖాళీగా వదిలాను.

దీపాలవేళ పైడి ఇంటికొచ్చింది. గడప లోపలికి రాలేదు.

"నా పేరు రాస్తావేటి?"

"రాయాలి."

"రింగులు తవ్వించీ. మేం మళ్లీ అలా సెయ్యం. ఎవులకీ తెల్దు గదా."

"నాకు తెలిసింది."

"నాను ఎక్కడం తప్ప ఇంకోటి నేర్చుకోనేదప్పా. అమ్మ పోయినప్పుడు ఆరేళ్లదాన్ని. నువ్వు పెంచినావు. ఇప్పుడు నువ్వే దించీ."

చేపల పులుసు ఉంది, తినమన్నాను. తినకుండా వెళ్లిపోయింది. కావలి రెండుసార్లు గుర్తుచేసింది: "వివరం పూర్తి కాలేదు."

పని రోజు 214. పంచమి.

ఇవాళ కూడా ఎవరినీ ఎక్కనివ్వలేదు. రెండు బస్తాల్లో ఇసక పోయించాను. ఒకటి ఎల్లాజీ బరువు, రెండోది పైడి బరువు. వాళ్ల బెల్టులే తొడిగి, వాళ్లు తగిలించుకున్నట్టే తగిలించి, ఇసక మీద పదడుగుల ఎత్తున్న పలక మీద నిలబెట్టాం. అందరూ చూస్తుండగా ఒకదాన్ని తోశాను.

రెండోది దాని వెనకే వచ్చింది. ఒకే చప్పుడు అయింది, రెండు కాదు.

పైడి ముందుకొచ్చింది. "బస్తాకి సేతుల్నేవు. మాకున్నాయి."

"ఉన్నాయి. ఆ వంపులో చేతికి అందేదేముంది, చెప్పు."

పైడి గోడ వైపు చూసింది. వంపు నున్నగా, పళ్లెం వెనక భాగంలా ఉంది.

ఎల్లాజీ తన బస్తాని లేవనెత్తి దులిపాడు. "సన్నబడిపోనానే," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

పదకొండు గంటలకి, గేటు దగ్గర పని ఆపించే ఎర్ర మీట మీద చేయి పెట్టాను. పని ఆగింది. ఇక కట్ట మండలి తప్ప ఎవరూ విడిపించలేరు.

పెద్ద ఇంజనీరు నసీమా గారు పరుగున వచ్చారు. "వరాలమ్మ గారూ, రింగులు తవ్వి బయటికి తీయడానికి పదిహేను రోజులు. పున్నమి దాటిపోతుంది. తెలుసు కదా?"

"తెలుసండి."

"ఉన్న రింగుల మధ్య అడ్డంగా ఒక తాడు బిగించి దానికి కొక్కేలు వేస్తే?"

"వంపులో తాడు గోడకి ఒరుసుకుని తెగుతుందని పోయినేడు మీరే చెప్పారండి."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "చెప్పాను," అన్నారు.

ఖాళీ వరస నింపాను. సూరాడ పైడమ్మ, మేస్త్రీ. ఎల్లాజీ. మిగతా ఇరవై రెండు మంది పేర్లు. దాని కింద ఇంకో వరస గీసి రాశాను: రింగులు చూడకుండా చూసినట్టు సంతకం పెట్టినది, సూరాడ వరాలమ్మ.



పని రోజు 217. అష్టమి.

పని ఆగినా రోజు లెక్క ఆగదు. నసీమా గారి మనుషులు బుట్టలో ఇద్దరిద్దరు చొప్పున దిగి రింగులు తవ్వుతున్నారు. ఇవాళ్టికి ఐదు బయటపడ్డాయి. ఐదూ చేత్తో లాగి చూశాను.

ముఠా పర్మిట్లన్నీ విచారణ దాకా నా పెట్టెలో ఉన్నాయి. పైడి నాతో మాట్లాడడం లేదు. నీళ్ల కుళాయి దగ్గర ఎదురుపడితే బిందె తీసుకుని పక్కకి తిరుగుతోంది.

ఇవాళ "అంతా మేలే" అనేవాళ్లు లేరు.

పని రోజు 220. ఏకాదశి.

ఉపవాసం. దిగువ వరసలో ఇంటింటికీ వెళ్లి చెప్పాను, పున్నమికి కట్ట మీదికి ఎక్కాలని. కొందరు విన్నారు. కొందరు తలుపేసుకున్నారు. ఒకావిడ, "మీ చెల్లెలు పూడుస్తానంది, మీరు ఆపారు, ఎవరి మాట నమ్మాలి?" అంది. ఇద్దరి మాటా నిజమేనని చెప్పాను. ఆవిడకి అది జవాబులా అనిపించలేదు.

పని రోజు 224. పున్నమి.

తెల్లారేసరికి మూడొందల ఇళ్లవాళ్లూ కట్ట మీదున్నారు. ట్రంకుపెట్టెలు, పొయ్యిలు, కుట్టుమిషన్లు, గంపల కింద కోళ్లు. పైడి తన ఇంటి సామాను కాక మరో నాలుగిళ్ల సామాను మోసింది.

తొమ్మిదింటికి పోటు తలకెక్కింది. పూడకుండా మిగిలిన సందులోంచి నీళ్లు లోపలికి వచ్చాయి. ఉరుకు లేదు. సొంతింట్లోకి వచ్చినట్టు నింపాదిగా వచ్చాయి. దిగువ వరసలో మోకాలు దాటాయి, తర్వాత నడుము దాకా వచ్చాయి. మధ్యాహ్నానికి తీశాయి. నలభై ఇళ్ల గోడలు జారాయి. పొయ్యిలన్నీ ఉప్పు బురద. మనుషులందరూ ఉన్నారు, రెండుసార్లు పేర్లు పిలిచి చూసుకున్నాను.

గురువమ్మ అనే ముసలావిడ నా చెయ్యి పట్టుకుని నిలదీసింది. "నీ పుస్తకంలో గీత కోసం మా కొంపలు ముంచీసినావు గదే."

"అవును పెద్దమ్మా."

"అవునంటావేటి! కాదని దెబ్బలాడు. అప్పుడు గదా నాకు తిట్టడానికుంటాది!"

ఆవిడ కోసం కాసేపు దెబ్బలాడి ఉండాల్సింది. వంపు అంచుకి వెళ్లి నిలబడ్డాను. ఆ ఇద్దరూ నడిచిన చోట, సరిగ్గా కింద, కెరటం బండలకి కొట్టుకుని తెల్లగా విరుగుతోంది. గంగమ్మ తల్లికి దండం పెట్టుకున్నాను. ఏమీ కోరలేదు.

పని రోజు 226. బహుళ విదియ.

విచారణ జరిగింది. మండలి నుంచి ముగ్గురొచ్చారు. ముఠా అంతా వెనక బల్లల మీద కూర్చుంది.

నడిమి పెద్దమనిషి కాగితాలు తిప్పి అడిగారు. "వంపు మొదలైనప్పటి నుంచీ రోజూ మీరు అడిగారు. రోజూ వాళ్లు ఏ ప్రమాదం లేదన్నారు. కావలిలో ఉంది. అంటే అబద్ధం ఆడారు. అవునా?"

"కాదండి."

"మరి 'అంతా మేలే' అంటే ఏమిటి?"

"అది జవాబు కాదండి, మొక్కు. ఎక్కే ముందు మావాళ్లు కీడు మాట నోటికి రానివ్వరు. చెప్పలేని వేళ చూసి అడిగింది నేను. వాళ్ల మొక్కుని జవాబుగా రాసుకున్నదీ నేను."

"పైడమ్మ మీ సొంత చెల్లెలు కదా?"

"అవునండి. ఆమె చేసింది తప్పే. తెలిసి చేసింది. అదీ రాశాను."

వాళ్లు బయటికి వెళ్లి అరగంట మాట్లాడుకున్నారు. ఆ అరగంటా పైడి తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది.

తీర్పు: పైడమ్మ మేస్త్రీ పని వచ్చే వానాకాలం దాకా లేదు. పర్మిట్ ఉంటుంది. మిగతావాళ్లు కొక్కెం తగిలించడం మళ్లీ నేర్చుకుని పరీక్ష నెగ్గాలి. నా సంతకం ఒక్కటే ఏడాది పాటు చెల్లదు. ప్రతి రింగునీ నేనూ, గోడ ఎక్కే మనిషి ఒకరూ చేత్తో లాగి చూసి ఇద్దరం సంతకం పెట్టాలి.

ఒక్కటి అడిగాను. ఆ ప్రశ్న పొద్దున్న కాకుండా, దిగాక అడగనివ్వమని. కావలి ఒప్పుకోవడానికి నెల పడుతుందట. అందాకా కాగితం మీద రాసుకోమన్నారు.

పర్మిట్లు తిరిగి ఇచ్చాను. పైడి తనది తీసుకుని కొంగున కట్టుకుంది. నా మొహం చూడలేదు.

పని రోజు 233. బహుళ నవమి.

రింగులన్నీ బయటికొచ్చాయి. పొద్దున్న ఎల్లాజీ, నేను ఒక్కొక్కటీ లాగి చూసి సంతకాలు పెట్టాం. పరీక్ష నెగ్గిన ముఠా ఎక్కింది. గేటు దగ్గర నేనేమీ అడగలేదు. వాళ్లే "అంతా మేలే" అనుకున్నారు. నేనూ వాళ్లతో అన్నాను.

సాయంత్రం దిగి బెల్టులు విప్పుకునే చోట కాగితం పట్టుకుని నిలబడ్డాను. ఒడ్డుకొచ్చాక మావాళ్లు ఏదీ కడుపులో దాచుకోరు. వల ఎక్కడ చిరిగింది, నీటి వాలు ఎటు లాగింది, తెడ్డు దగ్గర ఎవడు కునికాడు, అన్నీ తిట్టుకుంటూ చెప్పుకుంటారు.

"ఇవాళ పైన ఏం భయపెట్టింది?" అని అడిగాను.

"నసీమమ్మ గారి కేకలు," అన్నాడు ఎల్లాజీ. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఎవరో మూడో పలక ఊగుతోందన్నారు. రాశాను. క్రేన్ గంట గాలికి వినబడదన్నారు. రాశాను. నిచ్చెన పదకొండో మెట్టు నాచు పట్టింది. కొత్త చేతి తొడుగులు తడిస్తే జారుతున్నాయి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు, "అదొక్కటేనా, అదీ సెప్పు," అని అందిస్తున్నారు. ఒక పేజీ అయిపోయింది.

పైడి బల్ల చివర కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకుంటోంది. పంతొమ్మిది రోజులైంది నాతో మాట్లాడి.

తల ఎత్తకుండానే అంది. "ఆడోలం తొమ్మండుగురం. పొద్దున్న ఎక్కిన కాడ్నించి దిగీదాకా నీలు తాగం."

నేను కొత్త పేజీ తిప్పాను.

"తాగితే దిగాల. పైన మరుగు నేదు గదా. దిగి ఎక్కితే అరగంట, ముఠా అంతా ఆగిపోతాది. అందుకని తాగం. మూడయ్యీసరికి కళ్లు తిరుగుతాయి. ఆ ఏళకి పలక మీదే ఉంటాం."

మొగవాళ్లు నేల చూపులు చూశారు. ఆడవాళ్లలో ఒకరు "అవునప్పా," అన్నారు, ఇంకొకరు తలాడించారు. మూడు గంటల వేళ ఆ తొమ్మిది మంది నాడి వేగం పెరగడం కావలి ఏళ్లుగా చూపిస్తూనే ఉంది. పక్కన "ఎండ" అని రాసేది. నేనూ ఎండే అనుకుని మజ్జిగ పంపించేదాన్ని. అది వాళ్లు ఏం చేసేవారో నేనెప్పుడూ అడగలేదు.

"ఇదెప్పట్నించి?" అన్నాను.

"మొదట్నించీ."

రాశాను. కింద ఇంకో మాట రాసి, పైకి చదివాను. "పైన మరుగు గది, నీళ్ల తొట్టి అమరేదాకా ఎవరూ ఎక్కరు. మొగవాళ్లూ ఎక్కరు."

"ఓలమ్మో," అన్నాడు ఎల్లాజీ, "ఇంక వచ్చీ పున్నమికి కూడా పూడదన్నమాట!"

"పూడుతాది," అంది పైడి. "రెండు రోజుల పని అది. సెక్కలు నాను సూపిత్తాను, ఎక్కడున్నాయో." తర్వాత నావైపు తిరిగింది. "ఇంకా ఉన్నాయి. రాస్తావా?"

"చెప్పు."

బల్ల మీద కాస్త పక్కకి జరిగింది. "నిలబడి ఎంతసేపు రాస్తావప్పా. కూకో."

కూర్చున్నాను.